13 కుటుంబాలు, 21 ఊళ్లు

(ఆంధ్ర సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ కాలేజీ పిల్లలు ముందుకు రండి బాబూ, కుడివైపు బెంచీలు ఖాళీగానే ఉన్నాయి.

నన్ను పుస్తకాలు చదివే అలవాటు మీద మాట్లాడమన్నారు. విషయం మార్చుకుంటానని నేనే అడిగాను. ఎందుకంటే మన ఊరి వాట్సాప్ గ్రూపుల్లో, ఇటు గుణుపురం వాళ్ల గ్రూపుల్లో, అటు పాతపట్నం వాళ్ల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తెగ తిరుగుతోంది. ప్రపంచాన్ని నడిపేది ప్రభుత్వాలు కావట, ఇల్యూమినాటి అనే రహస్య సంఘం పేరుతో 13 కుటుంబాలట. ఎన్నికలన్నీ నాటకమట. యుద్ధాలు, జబ్బులు, నోట్ల రద్దు, ఆఖరికి మన మీదకొచ్చే తుపాన్లు కూడా వాళ్లు ముందే రాసిపెట్టుకున్నవట. కింద "ఇది తీసేసేలోపు పదిమందికి పంపండి" అని ఉంటుంది.

నాకు ఇది పంపినవాళ్లు చదువులేని వాళ్లు కారు. బ్యాంకులో పనిచేసి రిటైరైనవాళ్లున్నారు, బడిపంతుళ్లున్నారు, నా దగ్గర చదువుకున్న పిల్లలున్నారు. వాళ్లని వెక్కిరించడానికి నేను రాలేదు. మన బతుకుల మీద నిర్ణయాలు మనకి కనపడని చోట జరుగుతున్నాయన్న అనుమానం వాళ్లకుంది. ఆ అనుమానంలో నిజం ఉంది. సరిహద్దులో పుట్టిన మనకి అది అందరికంటే బాగా తెలుసు. అయితే ఆ అనుమానాన్ని ఈ మెసేజ్ ఎక్కడికి తీసుకుపోయి వదిలేస్తోందో చూడాలి. ఇవాళ నా బాధంతా అదే.

ముందు ఇల్యూమినాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఆ పేరుతో ఒక రహస్య సంఘం నిజంగానే ఉండేది. 1776 మే 1న, జర్మనీలో బవేరియా అనే చోట, ఆడమ్ వైస్‌హాప్ట్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు పెట్టాడు. మతాధికారుల పెత్తనం నచ్చని చదువుకున్నవాళ్లు అందులో చేరారు. మారుపేర్లు పెట్టుకున్నారు, లోపల్లోపల తగాదాలు పడ్డారు. పదేళ్లయినా గడవక ముందే అక్కడి పాలకుడు ఆ సంఘాన్ని నిషేధించాడు. సభ్యుల ఇళ్లు సోదా చేయించి, దొరికిన ఉత్తరాలూ కాగితాలూ 1787లో ప్రభుత్వమే అచ్చేయించింది. అంటే లోకాన్ని గుట్టుగా ఏలుతుందని చెప్పుకునే ఆ సంఘం, తన కాగితాలని పుట్టిన 11 ఏళ్లకే దాచుకోలేకపోయింది. మరి పేరు ఎలా బతికింది? 1789లో ఫ్రాన్సులో విప్లవం వచ్చింది. రాజూ, చర్చీ కూలిపోయాయి. రొట్టె ధర, పన్నులు, ఖాళీ అయిన ఖజానా వీటివల్ల అదంతా జరిగిందని ఒప్పుకోవడానికి కొందరికి మనసు రాలేదు. 1797లో బారుయెల్ అనే ఫ్రెంచి మతగురువు, రాబిసన్ అనే స్కాట్లండ్ ఆచార్యుడు విడివిడిగా పుస్తకాలు రాసి, ఇదంతా ఇల్యూమినాటి చేసిన కుట్రేనన్నారు. అప్పటినుంచీ అదే కథ.

డాలరు నోటు మీద కన్ను వాళ్ల గుర్తని మెసేజ్‌లో రాశారు. ఆ కన్ను 1782లో అమెరికా రాజముద్రలో చేరింది, 1935లో నోటు మీదకొచ్చింది. దేవుడు అన్నీ చూస్తున్నాడని చెప్పడానికి యూరపు చర్చిల్లో చిత్రకారులు అంతకు ఎంతో ముందునుంచీ వేస్తున్న బొమ్మే అది. ఇల్యూమినాటి వాడుకున్న గుర్తు గుడ్లగూబ.

ఇక కుటుంబాల దగ్గరికొద్దాం. ఆ 13 పేర్లలో మొదటి పేరు ఎప్పుడూ రాత్‌షీల్డే, యూరపులోని ఒక యూదు బ్యాంకర్ల కుటుంబం. వాటర్లూ యుద్ధంలో నెపోలియన్ ఓడిపోవడం నేథన్ రాత్‌షీల్డ్ కళ్లారా చూశాడట, తుపానులో సముద్రం దాటి లండన్ చేరి, అందరికంటే ముందు కబురు తెలుసుకున్న ధీమాతో షేర్ల బజారుని దోచేశాడట. మంచి పట్టున్న కథ. కానీ 1815లో ఆయన ఆ యుద్ధభూమిలో లేడు. ఈ కథ అచ్చయింది 1846లో, పారిస్‌లో, "సైతాన్" అని సంతకం పెట్టుకున్న ఒక కరపత్రంలో. అప్పటికి నేథన్ పోయి పదేళ్లయింది. ఆ కుటుంబానికి డబ్బు లేదా అంటే, ఉంది. 19వ శతాబ్దంలో యూరపులో వాళ్లంత పెద్ద బ్యాంకు మరొకటి లేదు. 1875లో సూయజ్ కాలువ షేర్లు కొనడానికి బ్రిటిష్ ప్రభుత్వానికి 40 లక్షల పౌండ్లు అప్పిచ్చింది వాళ్లే. ఆ అప్పు సంగతి పార్లమెంటులో చర్చకొచ్చింది. ఇప్పుడు ప్రపంచంలోని పెద్ద బ్యాంకుల పక్కన పెడితే వాళ్ల సంస్థలు చిన్నవి.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ మెసేజ్‌కి అసలు తల్లివేరు ఇక్కడే ఉంది.

1903లో రష్యాలో ఒక పత్రికలో "ప్రోటోకాల్స్" అనే రాత వరసగా అచ్చయింది. యూదు పెద్దలు రహస్యంగా సమావేశమై, బ్యాంకుల్ని, పత్రికల్ని, ప్రభుత్వాల్ని ఎలా చేజిక్కించుకోవాలో మాట్లాడుకున్న మాటలని చెప్పారు. అది భాషలు దాటింది. అమెరికాలో కార్ల కంపెనీ యజమాని హెన్రీ ఫోర్డ్ 1920 నుంచి తన సొంత పత్రికలో ఆ సరుకుతోనే వ్యాసాలు వేయించాడు. 1921 ఆగస్టులో లండన్ టైమ్స్ విలేఖరి ఫిలిప్ గ్రేవ్స్ ఒక పాత ఫ్రెంచి పుస్తకం సంపాదించాడు. 1864లో మారిస్ జోలీ అనే వకీలు తమ చక్రవర్తి మూడో నెపోలియన్‌ని ఎత్తిపొడుస్తూ రాసిన పుస్తకం అది. అందులో యూదుల ప్రసక్తే లేదు. గ్రేవ్స్ రెండింటినీ పక్కపక్కన పెట్టాడు. పేరా పేరా అక్కణ్నుంచి ఎత్తి, చక్రవర్తికి ప్రతీకగా పెట్టిన పాత్ర నోట్లో ఉన్న మాటల్ని యూదుల నోట్లో పెట్టారని అచ్చులో చూపించాడు. దొంగతనం అంత నగ్నంగా దొరికింది. 1927లో ఫోర్డ్ క్షమాపణ చెప్పుకున్నాడు.

అక్కడితో అయిపోవాలి కదా? అవలేదు. నకిలీ అని తేలిన పన్నెండేళ్లకి జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. బళ్లలో పిల్లలకి దాన్ని చెప్పించారు. ఆ తర్వాత 60 లక్షల మంది యూదుల్ని చంపారు. ఒక పుస్తకం వల్లే అంతా జరిగిందని నేను అనను. కానీ పక్కింటివాణ్ని చంపడానికి చేతులు రావాలంటే, వాడు మామూలు మనిషి కాడు, లోకాన్ని మింగే కుట్రలో భాగం అని ముందు నమ్మాలి. ఆ నమ్మకాన్ని ఇచ్చింది ఆ రాతే.

ఇవాళ మన గ్రూపులో తిరిగే మెసేజ్‌లో యూదులన్న మాట ఉండకపోవచ్చు. పర్లాకిమిడిలో యూదుణ్ని చూసినవాళ్లే లేరు. ద్వేషంతో ఎవరూ దాన్ని పంపడం లేదని నాకు తెలుసు. కానీ కనపడని శత్రువు మీద ఉన్న భయం ఎప్పుడూ కనపడే మనిషి కోసం వెతుక్కుంటుంది. 2018 జూలై 1న మహారాష్ట్రలో, ధూలే జిల్లా రైన్‌పాడలో ఏమయింది? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వీడియోలు వచ్చాయి. సంత రోజు ఊళ్లోకొచ్చిన ఐదుగురు సంచార జాతివాళ్లని, అడుక్కుని బతికేవాళ్లని, పంచాయతీ ఆఫీసు గదిలో పెట్టి కొట్టి చంపారు. ఆ నెలలోనే మన దేశంలో ఒక మెసేజ్‌ని ఐదు చోట్లకి మించి ఒకేసారి పంపకుండా వాట్సాప్ కట్టడి చేసింది. ఇవాళ మీ ఫోన్లో ఉన్న ఆ హద్దు వెనక ఐదు ప్రాణాలున్నాయి.

సరే, మరి పెద్దవాళ్లు కుట్రలు చెయ్యరా? చేస్తారు. నేను చరిత్ర చెప్పినవాణ్ని. కుట్రలు లేవంటే నా పుస్తకాల్లో సగం చింపెయ్యాలి. 1757లో ప్లాసీ దగ్గర యుద్ధానికి ముందే బెంగాల్ నవాబు సేనాని మీర్ జాఫర్‌తో ఈస్టిండియా కంపెనీ తరఫున క్లైవ్ ఒప్పందం రాసుకున్నాడు. ఆ ఒప్పందం ఉంది, చదువుకోవచ్చు.

ఇంకోటి మన ఇళ్లకి దగ్గరది. మన అమ్మమ్మలు అడ్డపొగ తాగేవారు, నిప్పు నోట్లో పెట్టుకుని. అంగుడికి పుండుపడి పోయినవాళ్లు మన వైపు ఎంతమందో. పొగాకుతో క్యాన్సర్ వస్తుందని పరిశోధనలు బయటికొస్తుంటే 1953 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో అమెరికా సిగరెట్ కంపెనీల అధిపతులు కూచున్నారు. ఒక ప్రచార సంస్థని పెట్టుకున్నారు. మరుసటి నెల 400కి పైగా పత్రికల్లో ప్రకటన ఇచ్చారు, "ఇంకా రుజువు కాలేదు, మేమూ పరిశోధిస్తాం" అని. 40 ఏళ్లకు పైగా జనంలో సందేహాన్ని పెంచి పోషించారు. అదీ కుట్రంటే! మరి అది ఎలా తెలిసింది? 1990లలో కంపెనీ లోపలి కాగితాలు బయటపడ్డాయి, కోర్టులు మిగతావి లాగాయి. కోటికి పైగా పత్రాలు ఇప్పుడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి దగ్గర ఎవరైనా చూసుకునేలా ఉన్నాయి.

అమెరికాలోనే అలబామా రాష్ట్రంలో, టస్కీగీలో ఇంకో ఘోరం జరిగింది. 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ వైద్యులు సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్లని పరీక్షల పేరుతో తిప్పుకున్నారు. అందులో 399 మందికి సిఫిలిస్ రోగం ఉంది. పెన్సిలిన్ వచ్చాక కూడా ఇవ్వలేదు, రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూచున్నారు. నన్ను ఎక్కువగా కలచివేసే సంగతి చెబుతాను. అది రహస్యం కూడా కాదు. మధ్యమధ్య వైద్య పత్రికల్లో దాని ఫలితాలు అచ్చేసుకున్నారు. చదివినవాళ్లు చదివి ఊరుకున్నారు. నిజమైన అన్యాయం చాలాసార్లు ఫైల్లో, మన కళ్లెదుటే ఉంటుంది. దానికి పేరుంటుంది, తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. 13 కుటుంబాల కథలో అవేవీ ఉండవు. అందుకే ఆ కథ ఎవరినీ ఏ కోర్టు మెట్లూ ఎక్కించలేదు.

ఇప్పుడు మన ఊరి సంగతికొస్తాను. కొంచెం నిదానంగా చెబుతాను.

పర్లాకిమిడి ఒడిశాలో ఎందుకుంది? చిన్నప్పుడు మన ఇళ్లలో ఈ మాట రాని రోజుండేది కాదు. "లోపాయికారీగా అమ్మేశారు" అనేవారు పెద్దలు. జరిగింది చూడండి. 1931లో సరిహద్దులు తేల్చడానికి ఓడొనెల్ అధ్యక్షతన కమిటీ వేశారు. 1933లో బ్రిటిష్ ప్రభుత్వం శ్వేతపత్రం తెచ్చింది. అందులో పర్లాకిమిడి ఒడిశా వైపు లేదు. మన పర్లాకిమిడి జమీందారు కృష్ణచంద్ర గజపతి రాజావారు అంతకు ముందే రౌండ్ టేబుల్ సమావేశంలో ఒడియా రాష్ట్రం కోసం గట్టిగా నిలబడ్డారు. తన వాదనని లండన్ దాకా తీసుకెళ్లారు. ఇటు తెలుగువారు సభలు పెట్టారు, వినతిపత్రాలిచ్చారు. 1934లో లండన్‌లోని జాయింట్ పార్లమెంటరీ కమిటీ, పట్టణంతో పాటు ఎస్టేటులో కొంత భాగాన్ని ఒడిశాలో కలపమంది. 1936 ఏప్రిల్ 1న రాష్ట్రం ఏర్పడింది. మరుసటేడు రాజావారే దానికి మొదటి ప్రధానమంత్రి, ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు. ఈ ఊళ్లోనే వ్యావహారిక భాషకోసం పోరాడి, సవరల భాషకి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారు ఆ విభజన సహించలేక ఊరొదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు.

వేళ్లమీద లెక్కపెట్టేంత మంది పెద్దవాళ్లు మన తాతల బతుకులు నిర్ణయించారా? నిర్ణయించారు. రాజావారి పలుకుబడి లేకపోతే గీత ఇక్కడ పడేదా? పడేది కాదని నా అభిప్రాయం. కానీ అందులో ఏదీ చీకట్లో లేదు. ఎవరు ఏం కోరారో, ఎవరు వద్దన్నారో, కమిటీ ఎప్పుడు మాట మార్చిందో అంతా నివేదికల్లో ఉంది. ఇంకో సంగతి. ఆ పెద్దవాళ్లంతా ఒక మాట మీద లేరు. కమిటీ ఒకటంటే శ్వేతపత్రం ఇంకోటంది, పార్లమెంటు మూడోదంది. మద్రాసు వాళ్లది ఒక లెక్క, కటక్ వాళ్లది ఒక లెక్క. అధికారంలో ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు కొట్లాడుకుంటూనే మన మీద పెత్తనం చేస్తారు.

నమ్మకం కుదరకపోతే కొటియా చూడండి. ఇటు కొరాపుట్ జిల్లా పొట్టంగి, అటు సాలూరు, మధ్యలో కొండలమీద 21 ఊళ్లు. అవి ఎవరివో ఇప్పటికీ తేలలేదు. 1968లోనే సుప్రీంకోర్టుకెళ్లారు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రవాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశావాళ్లు మళ్లీ కోర్టుకెక్కారు. ఆ ఊళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్న మనుషులున్నారు. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం, రెండు ప్రభుత్వాలు, 21 ఊళ్లు, అర్ధ శతాబ్దం దాటింది. అలాంటప్పుడు రెండు వందల దేశాల్ని, ఎడమొహం పెడమొహంగా ఉన్నవాటిని, ఒక గదిలో కూచుని 13 కుటుంబాలు ఒక్క తప్పు దొర్లకుండా, ఒక్క గుమాస్తా కూడా నోరు విప్పకుండా నడుపుతున్నాయంటే నా బుర్రకి ఎక్కదు.

తుపాన్ల గురించి చెప్పి ముగిస్తాను. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, అక్టోబర్ 12న. 2014లో హుద్‌హుద్ విశాఖలో, మళ్లీ అక్టోబర్ 12న. 2018లో తిత్లీ పలాస దగ్గర, అక్టోబర్ 11న. ఈ తేదీలు చూపించి, అలాస్కాలో హార్ప్ అనే కేంద్రం నుంచి వీటిని పుట్టిస్తున్నారని వీడియోలు చేస్తున్నారు. అమ్మా, వానలు వెనక్కి పోయాక, సముద్రం ఇంకా వేడిగా ఉన్న అక్టోబర్, నవంబర్ నెలలు బంగాళాఖాతానికి ముఖ్యమైన తుపాన్ల కాలం. మన ముత్తాతలకీ తెలుసు ఆ సంగతి. 1999 మహా తుపాను కూడా అక్టోబరే. హార్ప్‌లో ఉన్నవి 180 యాంటెనాలు, దాని శక్తి 3,600 కిలోవాట్లు. చాలా ఎత్తున ఉండే అయనోస్ఫియర్ అనే వాతావరణ పొరని పరిశోధించడానికి కట్టారు. 2015 నుంచి అలాస్కా విశ్వవిద్యాలయం నడుపుతోంది, జనాన్ని పిలిచి లోపల చూపిస్తున్నారు కూడా. ఒక తుపాను మేఘాల్లో విడుదలయ్యే వేడి, ప్రపంచమంతటి కరెంటు ఉత్పత్తి సామర్థ్యానికి సుమారు 200 రెట్లని శాస్త్రవేత్తల లెక్క.

అయినా నాకు కోపం తెప్పించేది అది కాదు. 1999లో ఒడిశాలో దాదాపు పదివేల మంది పోయారు. ఫైలిన్‌కి సుమారు 10 లక్షల మందిని ముందే తరలిస్తే మృతులు పదుల్లో ఆగారు. ముందస్తు హెచ్చరిక, షెల్టర్లు, ఇల్లిల్లూ తిరిగి లేపిన మనుషులు, వీటివల్ల. తిత్లీలో ఏమయింది? సముద్రానికి ఎంతో దూరంలో ఉన్న మన గజపతి జిల్లాలోనే, బరఘర దగ్గర, వానకి తలదాచుకున్న వాళ్లమీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా పోయారు. తీరానికి అందిన జాగ్రత్త కొండలకి ఎందుకు అందలేదు అన్నది అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సిన ఆఫీసులు ఇక్కడే, మనం నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. తుపానుని అలాస్కాలో ఎవరో పుట్టించారని నమ్మిన రోజున మనం ఆ ఆఫీసుకి వెళ్లం. ఇక్కడ ఫైలు మీద కూచున్నవాడికి అంతకంటే ఏం కావాలి?

ఇంకో మాట, మన వాళ్ల మధ్యే కాబట్టి చెబుతున్నా. మన పెద్దవాళ్లలో చాలామందికి ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆఫీసు నోటీసు ఒడియాలో ఉంటుంది, అబద్ధం మాత్రం చక్కటి తెలుగులో ఫోన్లోకి వస్తుంది. ఏది ముందు చదువుతారు?

(సభలోంచి ఒక విద్యార్థి: సార్, డబ్బున్నవాళ్లే పార్టీల్ని నడుపుతున్నారు కదా? అది కుట్ర కాదా?)

మంచి ప్రశ్న. ఎన్నికల బాండ్లనే తీసుకో నాయనా. 2018లో మొదలయ్యాయి. ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో ఓటరుకి తెలియకుండా చేసిన పథకం. కొన్ని పౌర సంస్థలూ, ఒక పార్టీ కోర్టుకెళ్లాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మార్చి నెలలో స్టేట్ బ్యాంకు ఇచ్చిన వివరాలన్నీ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పెట్టారు. కొన్నవాళ్ల పేర్లు, మొత్తాలు, పుచ్చుకున్న పార్టీలు, అన్నీ. ఇల్యూమినాటి మెసేజ్ చదివినవాళ్లలో ఆ జాబితా తెరిచి చూసినవాళ్లు ఎంతమంది? నువ్వు ఇవాళ రాత్రి తెరిచి చూడు.

(ఒక గృహిణి: మాస్టారూ, మా మావయ్యగారు ఇవన్నీ నమ్ముతారు. కాదంటే గొడవైపోతోంది. ఏం చెయ్యమంటారు?)

గ్రూపులో అందరి ముందూ కాదనకమ్మా, పెద్దాయన పరువు పోయిందనుకుంటారు. పక్కన కూచున్నప్పుడు ఒక్క సంగతే పట్టుకుని అడుగు: ఇది ఎవరు చూశారు మావయ్యా, ఏ కాగితంలో ఉంది అని. జవాబు నువ్వు చెప్పకు, ఆయన్నే వెతకనీ. ఆపైన ఆయనకి నిజంగా ఎక్కడ నొప్పిగా ఉందో కనుక్కో. పింఛను ఆగిందా, తిత్లీ నష్టపరిహారం రాలేదా, పట్టాలో పేరు తప్పు పడిందా?

(గృహిణి: భూమి పట్టా సంగతే, మాస్టారూ. ఏళ్లుగా తిరుగుతున్నారు.)

చూశారా. దానికి సమాచార హక్కు చట్టం ఉంది, 2005 నుంచి. ఒడిశాలో ఫారం-ఎ నింపి, గుర్తింపు కార్డు నకలు జతచేసి, పది రూపాయలు కట్టాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫైలు ఎవరి బల్లమీద ఉందో పేరుతో సహా అడగొచ్చు. ఆయన్ని తీసుకురా. ఆదివారం పొద్దున్న పదింటి నుంచి నేను ఈ రీడింగు రూములోనే ఉంటాను. ఒడియా రానివాళ్లకి నేను చదివి పెడతాను, నింపి పెడతాను. పట్టా కాగితం, పాత అర్జీల నకళ్లు అన్నీ తెమ్మను. జిరాక్సులు రెండేసి తీయించి ఉంచండి.